మనస్సు, శరీరము: ఒక రాకుమారి వేసిన ప్రశ్న

(శతవార్షికోత్సవ సదస్సు రెండవ దినమున చేసిన ప్రసంగ పాఠము)

ఈ సభలలో మాకు ఇయ్యబడిన అంశము "మనస్సును శరీరమును వేరువేరా?" అనునది. కార్యక్రమ పత్రికలో దీనిని చూచి, మధ్యాహ్న భోజనమైన వెంటనే తత్వశాస్త్రమా అని కొందరు నవ్విరని విన్నాము. కునుకు పట్టినవారిని మేము తప్పుపట్టము. కడుపు నిండినతోడనే మనస్సు మందగించుట మన అంశమునకు మొదటి సాక్ష్యము.

మన తెలుగు భాషనే చూడుడి. కోపము వచ్చినవాడు "ఒళ్ళు మండుచున్నది" అనును. బిడ్డ బాధను చూచిన తల్లి "కడుపు తరుక్కుపోయినది" అనును. భయపడినవానికి గుండె జారును, చెడువార్త విన్నవానికి కాళ్ళు చేతులు ఆడవు, పొరుగువాని మేడ చూచినవానికి కన్ను కుట్టును. ఇవన్నియు మనస్సులోని సంగతులే. చెప్పుట మాత్రము శరీరముతోనే చెప్పుచున్నాము. అయితే అదే మనిషి మరణము సంభవించిన ఇంటికి వెళ్ళి, "ప్రాణము పోయినది, ఇక మిగిలినది కట్టె" అనును. ఒకే నోట రెండు సిద్ధాంతములు! పగలంతయు రెండును ఒకటే అన్నట్లు మాటలాడి, సమాధి దగ్గర రెండును వేరన్నట్లు మాటలాడుచున్నాము.

ఆధునిక కాలములో ఈ వాదమునకు రూపమిచ్చినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన రెనే డెకార్ట్. 1596లో పుట్టెను, పెద్దవాడైన తరువాత ఎక్కువ కాలము హాలెండులో నివసించెను. 1641లో ప్రకటించిన "ధ్యానములు" అను లాటిను గ్రంథములో ఆయన చెప్పినదానిని క్లుప్తముగా చెప్పవలెనంటే ఇది. లోకములో రెండు విధములైనవి ఉన్నవి. ఒకటి చోటు ఆక్రమించునది. దానికి పొడవు, వెడల్పు, లోతు కలవు. దానిని కోయవచ్చును, కొలువవచ్చును. రెండవది ఆలోచించునది. దానికి పొడవు లేదు, దానిని సగమునకు కోయుటకు వీలులేదు. శరీరము మొదటి జాతి, మనస్సు రెండవ జాతి. తెలుగులో దీనిని ద్వైతమని కొందరు అనువదింతురు. మధ్వాచార్యులవారి ద్వైతముతో దీనిని కలిపి చూడరాదు. అది జీవునికిని దేవునికిని గల భేదమును గూర్చినది, ఇది మనిషి లోపలనే గీసిన గీత.

ఈ గ్రంథమునకు గొప్ప గొప్ప పండితులు ఆక్షేపణలు వ్రాసిరి. వారందరి మాట అటుంచి, ఇరువది నాలుగేండ్ల ఒక యువతి వ్రాసిన ఉత్తరమును మీ ముందు పెట్టవలెనని మా కోరిక. ఆమె పేరు ఎలిజబెత్. ఆమె తండ్రి అయిదవ ఫ్రెడరిక్ 1619లో బొహీమియాకు రాజై, 1620లో ప్రాగు నగరము దగ్గర జరిగిన యుద్ధములో ఓడి, ఆ రాజ్యమును పోగొట్టుకొనెను. ఒక్క శీతకాలము మాత్రమే ఏలినందున ఆయనను శీతకాలపు రాజని ఎగతాళి చేసిరి. కుటుంబము హాలెండులోని హేగ్ నగరమునకు వలసపోయెను. అక్కడ ఈ చిన్నది గ్రీకు, లాటిను, గణితము నేర్చుకొనెను. గ్రీకు మీద ఆమెకున్న పట్టును బట్టి ఇంటివారు ఆమెను "గ్రీకమ్మ" అన్నట్లు పిలిచెడివారు. ఆమె ప్రొటెస్టంటు క్రైస్తవురాలు, భక్తిపరురాలు. ఈ సంగతి తరువాత అవసరమగును గనుక చెప్పుచున్నాము.

1643 మే నెలలో ఆమె డెకార్ట్‌కు వ్రాసిన ఉత్తరములోని ప్రశ్న ఇది. ఒక వస్తువు మరియొక వస్తువును కదల్పవలెనంటే దానిని తాకవలెను, నెట్టవలెను. తాకుటకు ఉపరితలము కావలెను. మీరేమో మనస్సుకు ఉపరితలము లేదు, చోటు లేదు అంటిరి. అట్లయితే నేను చెయ్యి ఎత్తవలెనని తలంచగానే చెయ్యి ఎట్లు లేచుచున్నది? నెట్టుటకు చేతులు లేనిది బండిని ఎట్లు నెట్టును?

డెకార్ట్ ఆమెకు మర్యాదగా జవాబు వ్రాసెను. రాతికి బరువు కలదు. ఆ బరువు రాతిని వెనుకనుండి నెట్టదు గదా, అయినను రాయి క్రిందికి పోవుచున్నది. ఆత్మ శరీరమును కదల్చుటను కూడ ఆ విధముగా తలంచుడి అనెను. ఆమె ఒప్పుకొనలేదు. శరీరము లేని ఆత్మ శరీరమును కదల్చునని నమ్ముటకంటె, ఆత్మకే కొంత శరీరమున్నదని ఒప్పుకొనుట నాకు సులభముగా తోచుచున్నదని జూన్ నెలలో తిరిగి వ్రాసెను. దానికి డెకార్ట్ ఇచ్చిన జవాబు విచిత్రమైనది. ఆత్మను ధ్యానము వలన తెలిసికొందుము, వస్తువును గణితము వలన తెలిసికొందుము, ఆ రెంటి కలయికను మాత్రము అనుదిన జీవితము వలన, ఇరుగుపొరుగుతో మాటలాడుట వలన తెలిసికొందుమనెను. ఇట్టి విషయములకు తాను ఏడాదికి కొన్ని గంటలే కేటాయింతునని కూడ చెప్పెను. ఎలిజబెత్ విడిచిపెట్టలేదు. ఆత్మ శరీరమును కదల్చునని నా ఇంద్రియములు నాకు చూపుచున్నవి గాని ఎట్లు కదల్చునో చూపుటలేదని జూలైలో వ్రాసెను. బైబిలు తరగతిలో ఇట్టి విద్యార్థిని ఒకతె ఉన్నచో కాపరికి నిద్ర పట్టదు!

మన దేశపు పండితులకు ఈ చిక్కు తెలియనిది కాదు. అయితే వారు గీతను వేరుచోట గీసిరి. సాంఖ్యుల లెక్కలో మనస్సు, బుద్ధి, అహంకారము అన్నియు ప్రకృతిలోనివే. వాటిని చూచుచుండు పురుషుడొక్కడే వేరు. అనగా డెకార్ట్ ఆత్మ పక్షమున ఉంచిన మనస్సును మనవారు శరీరము పక్షమున ఉంచిరి. మరి ఏ పనియు చేయని పురుషుడును, చూపులేని ప్రకృతియు ఎట్లు కలిసి నడుచును? కుంటివాడు గ్రుడ్డివాని భుజములెక్కి దారి చూపినట్లని సాంఖ్యకారిక ఉపమానము చెప్పుచున్నది. శంకరాచార్యులవారు తమ బ్రహ్మసూత్ర భాష్యములో దీనిని పట్టుకొనిరి. కుంటివాడు నోటి మాటతోనైనను గ్రుడ్డివానిని నడుపునే, ఏ క్రియయు లేని మీ పురుషుడు దేనితో నడుపునని అడిగిరి. చూచితిరా, హేగ్ నగరపు రాకుమారి ప్రశ్నను అంతకు ఎన్నో శతాబ్దముల ముందే ఇక్కడ వేసియున్నారు. చార్వాకులైతే చిక్కే లేకుండ చేసిరి: పులిసిన ద్రవ్యములలో మత్తు పుట్టినట్లు భూతముల కలయికలో చైతన్యము పుట్టుచున్నదనిరి. నేటి శాస్త్రజ్ఞులలో అనేకుల మాటయు ఇంచుమించు ఇదే.

ఇంతవరకు ఇది పండితుల ముచ్చట. 1645లో ఎలిజబెత్ జబ్బుపడెను. వారముల తరబడి విడువని జ్వరము, పొడి దగ్గు. ఈ సంగతి తెలిసి డెకార్ట్, ఇట్టి జ్వరమునకు దుఃఖమే తరచుగా కారణమని వ్రాసెను. దుఃఖమునకు ఆమెకు కొదువ లేదు. రాజ్యము పోయెను, ఒక అన్న నీట మునిగి చనిపోయెను, ఇంగ్లాండులో మేనమామ మొదటి చార్లెస్ రాజు సింహాసనము కదలుచుండెను. డెకార్ట్ ఇచ్చిన సలహా మంచిదే. దుఃఖకరమైన తలంపులనుండి మనస్సును మరల్చుడి, పచ్చని అడవిని, పువ్వు రంగును, పక్షి ఎగురుటను ఏ ఆలోచనయు లేనివారివలె చూచుచుండుడి అనెను. తానును చిన్ననాట పొడి దగ్గుతో పాలిపోయియుండగా వైద్యులు బ్రదుకడనిరనియు, ప్రతిదానిలో మంచి పక్షమును చూచు అలవాటు వలన అది క్రమముగా పోయినదనియు చెప్పెను.

ఈ సలహా మనకు తెలిసినదే. "మనసు దిటవు చేసికో", "అంతా మన మనసులోనే ఉన్నది", "విశ్వాసముంచు" అని మనము పడకదగ్గర చెప్పు మాటలకు ఇది తత్వవేత్త నోటి రూపము. దానికి ఎలిజబెత్ ఆ ఆగస్టులో ఇచ్చిన జవాబును ప్రతి కాపరియు, ప్రతి సంఘ పెద్దయు గుర్తుంచుకొనవలెనని మా అభిప్రాయము. ఆలోచించు శక్తినే తీసివేయు జబ్బులు కొన్ని ఉన్నవి. మరి కొన్ని ఆ శక్తిని తగ్గించును. అట్టివారు వివేకముతో తమ్మును తాము ఎట్లు బాగుచేసికొందురని ఆమె అడిగెను. అనగా, ఏ చేతితో పట్టుకొని లెమ్మనుచున్నారో ఆ చెయ్యే విరిగియున్నది. డెకార్ట్ పెద్దమనిషి. మరుసటి నెలలో, నా మాటలు బుద్ధి స్వాధీనములోనున్నవారికి మాత్రమే చెల్లునని ఒప్పుకొనెను. తత్వశాస్త్ర చరిత్రలో ఇట్లు ఒప్పుకొనినవారు తక్కువ.

మీ ఇండ్లలోనే దీనికి నిదర్శనమున్నది. షుగరు జబ్బుకు ఇన్సులిన్ తీసికొనువారికి ఒక్కొక్కసారి షుగరు మరీ పడిపోవును. అప్పుడు చెమటలు పట్టును, చేతులు వణకును. ఎంతో శాంతపరుడైన మనిషి కసురుకొనును, పొంతనలేని మాటలాడును, ఇంటివారిని గుర్తించలేకపోవును. నోటిలో రెండు చెంచాల పంచదార నీళ్ళు పోసినచో పావుగంటలో మరల మన మనిషి మనకు వచ్చును. అతని కోపమును పాపమని ఎవరైన అందురా? థైరాయిడ్ గ్రంథి మందగించిన స్త్రీకి దేనిమీదను ఆసక్తి లేక, తెలియని దిగులు పట్టుకొనుటయు, తగిన మాత్రతో తేరుకొనుటయు వైద్యులకు నిత్యానుభవము.

శాస్త్రజ్ఞుల సంగతి చెప్పకుండ పోరాదు గనుక కొంచెము చెప్పుదుము. 1649లో "ఆత్మ యొక్క ఉద్రేకములు" అను గ్రంథములో డెకార్ట్, మెదడు నడుమనున్న పీనియల్ గ్రంథి దగ్గర ఆత్మయు శరీరమును కలిసికొనునని వ్రాసెను. ఆ గ్రంథము ఎలిజబెత్ ప్రశ్నల వలననే పుట్టినది. 1665లో నికొలస్ స్టెనో అను శరీరశాస్త్రజ్ఞుడు పారిస్‌లో చేసిన ఉపన్యాసములో, డెకార్ట్ వర్ణించినట్లు ఆ గ్రంథి అటునిటు కదలుటకు వీలులేదని చూపెను. (ఈయన తరువాత బిషప్పయ్యెను!) ఆ గ్రంథినుండి వచ్చు మెలటోనిన్ అను పదార్థము మన నిద్రవేళలకు సంబంధించినదని నేడు తెలియును, దానిని 1958లో కనుగొనిరి.

1848లో అమెరికాలో రైలు మార్గము వేయుచుండగా ఫినియాస్ గేజ్ అను మేస్త్రీ తలలోనుండి మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ దూసుకొనిపోయెను. మనిషి బ్రదికెను, స్వభావము మారిపోయెనని వైద్యుడు వ్రాసెను. ఇతనిని గూర్చి చెప్పువారు అతిశయించి చెప్పుదురు. అతడు తరువాత చిలీ దేశములో ఏండ్ల తరబడి గుఱ్ఱపు బండి తోలినాడనుట మరచిపోవుదురు. 1953లో మూర్ఛకు శస్త్రచికిత్స చేయించుకొనిన హెన్రీ మోలెసన్ కథ ఇంకను స్పష్టమైనది. మెదడులో ఇరుప్రక్కల కొంత భాగము తీసివేయగా, 2008లో చనిపోవువరకు అతనికి క్రొత్త సంగతులు జ్ఞాపకముండలేదు. ప్రతిదినము చూచు వైద్యురాలు ప్రతిదినము క్రొత్తదే.

ఇవన్నియు శరీరము మనస్సును మార్చుట. ఎదురు దిక్కున 1978లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పరీక్ష ఒకటి కలదు. జ్ఞానదంతము తీయించుకొనినవారికి మందు లేని సూది వేసినను, నొప్పి తగ్గునను నమ్మకముతో కొందరికి నిజముగానే తగ్గెను. అయితే నల్లమందు జాతి మందులకు విరుగుడైన నాలాక్సోన్ ఇయ్యగా ఆ ఉపశమనము పోయెను. నమ్మకము అను మానసిక విషయము శరీరములోని సొంత మందును విడుదల చేయించినదని ఆ పరిశోధకులు గ్రహించిరి. ఒకవైపే ఉన్న వీధి కాదిది.

అయితే ఎలిజబెత్ ప్రశ్నకు జవాబు దొరికినదా? లేదు; ప్రశ్న తిరగబడినది. మెదడులోని విద్యుత్తును రసాయనములను ఎంత కొలిచినను, పంటినొప్పి నొప్పిగా ఉండుట అను సంగతి వాటిలోనుండి ఎట్లు పుట్టినది? డేవిడ్ చామర్స్ అను తత్వవేత్త 1995లో దీనికి "కఠిన సమస్య" అని పేరు పెట్టెను. 1998లో జర్మనీలో క్రిస్టఫ్ కాఖ్ అను నాడీశాస్త్రజ్ఞుడు, ఇరువది అయిదేండ్లలో చైతన్యమునకు మెదడులోని ఆధారమును స్పష్టముగా చూపెదమని ఆయనతో పందెము వేసెను. 2023లో న్యూయార్కులో ఓటమి ఒప్పుకొని ద్రాక్షారసపు సీసాల పెట్టె ఇచ్చెను. (పందెమును ద్రాక్షారసమును రెండును మన క్రమశిక్షణకు విరుద్ధములే, సంగతి మాత్రము వాస్తవము.) ఆయన నిరాశపడక మరి ఇరువది అయిదేండ్లకు, అనగా 2048కి, తిరిగి పందెము కట్టెను.

మెదడుకు ఇంత ప్రాముఖ్యత ఇచ్చినయెడల ఆత్మ ఏమగునని కొందరు విశ్వాసులు కలవరపడుదురు. ఎలిజబెత్ కలవరపడలేదు. హెబ్రీ భాషలో నెఫెష్ అను పదమునకు ప్రాణమనియు, మనిషి అనియు, కంఠమనియు కూడ అర్థము కలదని మేము వేదాంత కళాశాలలో నేర్చుకొంటిమి. ఊపిరి తీయు గొంతు, దప్పిగొను గొంతు, దేవుని వెదకు మనిషి, అన్నిటికి ఒకే మాట! శరీరము చెరసాల, ఆత్మ ఖైదీ అనునది ప్లేటో వ్రాసిన ఫీడో సంభాషణలోని తలంపు. మన భూస్థాపన ప్రసంగములలో వినబడునది చాలసార్లు అదే. ఆదివారము నిలువబడి మనము ఒప్పుకొను విశ్వాసప్రమాణములో ఉన్నది మాత్రము శరీర పునరుత్థానము. ఆస్కార్ కుల్‌మన్ అను క్రొత్త నిబంధన పండితుడు 1955లో హార్వర్డులో ఈ భేదమును గూర్చియే ఉపన్యసింపగా అనేకులు ఆయనమీద నొచ్చుకొనిరి. మాకు ఆయన వాదము చాల వరకు సరియనియే తోచుచున్నది. ఆ రెండు తలంపులను పూర్తిగా విడదీయుటకు వీలగునా అనునది వేరొక సభలో మాటలాడదగిన సంగతి.

ఇక గృహ దర్శనములలో మేము చూచునది చెప్పవలెను. రక్తపోటు మాత్రలు బైబిలు ప్రక్కనే కిటికీలో ఉండును. షుగరు మాత్రల లెక్క మాకు అడుగకయే చెప్పుదురు, ప్రార్థన కోరుదురు. కాని దిగులుకు, నిద్రలేమికి, అనుమానపు జబ్బుకు ఇచ్చిన మాత్రలు బియ్యపు డబ్బా వెనుక ఉండును. కాపరి వచ్చినప్పుడు ఆ కుమార్తె లోపలి గదిలోనే ఉండును. "తలనొప్పి అండి" అందురు. పెండ్లి సంబంధము చెడునను భయము ఒకటి, విశ్వాసము లేదందురను భయము మరియొకటి. ఎర్రగడ్డ, చినవాల్తేరు అను పేర్లు వినగానే మన పిల్లలు నవ్వుదురు. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నందుననే గదా. క్షయరోగిని, కుష్ఠురోగిని దగ్గరకు తీసికొనిన మిషను ఆసుపత్రులు మన సంఘముల గర్వము. దిగులు రోగిని మాత్రము ఉపవాస ప్రార్థనకు తీసికొనిపోయి, మాత్రలు మానుమని సాక్ష్యము చెప్పించువారు మన మధ్యనే ఉన్నారు. కొందరు రోగులు అట్లు మాని చాల ప్రమాదములో పడిరి. ప్రార్థన మానుమని మేము చెప్పుటలేదు. షుగరు రోగి కొరకు ప్రార్థించి ఇన్సులిన్ మానుమని చెప్పుటలేదు గదా!

దేశపు చట్టము ఈ విషయములో మనకంటె ముందు నడిచినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే నెలలో అమలులోనికి వచ్చెను. శరీర రోగమునకు ఇచ్చినట్లే మానసిక రోగమునకును బీమా కంపెనీలు వైద్య బీమా ఇయ్యవలెనని దానిలో ఉన్నది. ప్రాణము తీసికొనబోయిన మనిషిని నేరస్థునిగా గాక తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా ఎంచవలెననియు ఉన్నది. 2022 అక్టోబరులో టెలి మానస్ అను ప్రభుత్వ ఫోను సేవ మొదలైనది; దాని సంఖ్య 14416, తెలుగులో మాటలాడువారున్నారు. వ్రాసికొనుడి, కాగితము లేనివారు మీ కీర్తనల పుస్తకము అట్ట లోపల వ్రాసికొనుడి.

చివరకు ఒక మనవి. ఈ శనివారము దేవాలయ వరండాలో జరుగు ఉచిత వైద్య శిబిరములో రక్తపోటుకు ఒక బల్ల, షుగరుకు ఒక బల్ల, కండ్లకు ఒక బల్ల వేయుచున్నారు. మానసిక వైద్యురాలు ఒకరు వచ్చుటకు ఒప్పుకొనిరి. ఆమెకు వెనుకనున్న సండేస్కూలు గది ఇత్తుమని పెద్దలు చెప్పిరి. ఏకాంతముగా మాటలాడుటకు తెర కట్టుడి, మంచిదే. కాని బల్లను మాత్రము అదే వరండాలో, అదే వరుసలో, షుగరు బల్లకు కండ్ల బల్లకు నడుమ వేయవలెనని కోరితిమి. పెద్దలు సరేననిరి. చీటీలు ఉదయము ఎనిమిది గంటలనుండి ఇత్తురు. అన్ని బల్లలకు ఒకటే రంగు చీటీ.